ఎడమ బుగ్గలో దినాల అన్నం

మా అన్న కూతురి పెళ్ళి ఆల్బమ్‌లో నాకు రెండు పుట్టుమచ్చలున్నాయి. నిజానికి నాకున్నది ఒక్కటే, కుడి కంటికి కాస్త కింద, మినపగింజంత. ఎడమ పక్క మచ్చ ఉండటానికి అక్కడ అసలు బుగ్గే లేదు. నాకు ముప్పై నిండకముందు రొయ్యల గుంట గట్టు మీద మోటారు రిపేరు చేస్తుంటే బెల్టు తెగి వచ్చి ముఖాన కొట్టింది. ఎముక విరిగింది, లోపల చీము పట్టింది, చెడిన కండంతా డాక్టర్లు గోకి తీసేశారు. ప్రాణం దక్కింది. బుగ్గ ఉండాల్సిన చోట కోడిగుడ్డు పట్టేంత గుంట మిగిలింది. ఆ పక్కన స్పర్శ కూడా పోయింది.

ఆల్బమ్ తయారు చేసిన ఫోటోగ్రాఫర్‌కి నన్ను చూసి జాలేసినట్టుంది. కంప్యూటర్లో నా కుడి బుగ్గని కత్తిరించి, తిరగేసి, ఎడమ పక్క అతికించాడు. మచ్చతో సహా.

"చూడబ్బయ్యా, ఎంత బాగుండావో!" అని మా వదిన ఆ పేజీ మీద వేలు పెట్టి చూపించింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎవడు చెయ్యమన్నాడు వాణ్ణి? నా మొహం వాడబ్బ సొత్తా?" అని అరిచాను. వదిన బిత్తరపోయి, కాఫీ తెస్తానని లోపలికి పోయింది. ఆమె అటు తిరగ్గానే నేను ఫోన్ తీసి ఆ పేజీని ఫోటో తీసుకున్నాను. సిగ్గుమాలిన పనే. అయినా తీసుకున్నాను.

ఆ ఫోటో రోజూ చూసేవాణ్ణి. అన్నం తినే ముందు, తిన్న తర్వాత. యాభై దాటినవాడికి అందం మీద మోజేమిటని మీరు నవ్వొచ్చు. అందం ఎవరిక్కావాలి? నాకు కావాల్సింది ఒక్కటే. ఎదురొచ్చిన మనిషి నన్ను చూసి చటుక్కున చూపు తిప్పుకోకూడదు, నాలుగడుగులు పోయాక వెనక్కి తిరిగి మళ్ళీ చూడకూడదు. పదిమందిలో నేనూ ఒకణ్ణన్నట్టు తన దారిన తాను పోవాలి. అంతే. ఆ ఫోటోలో ఉన్నవాణ్ణి ఎవరూ రెండోసారి చూడరు. వాడంటే నాకు అసూయగా ఉండేది.

నాది విడవలూరులో మోటార్లు వైండింగ్ చేసే కొట్టు. పొలాల మోటార్లు, రొయ్యల గుంటల్లో గాలి కొట్టే మోటార్లు. సముద్రపు గాలికి ఉప్పు పట్టి ఏ మోటారూ రెండేళ్ళు సరిగ్గా తిరగదు కాబట్టి పనికి కొదవలేదు. నేను వీధికి వీపు పెట్టి కూర్చుంటాను. వచ్చినవాళ్ళు మోటారు నా పక్కన దించి, "ఎప్పుడిస్తావునా?" అని నా వీపునడిగి, "ఎల్లుండి" అనిపించుకుని పోతారు. కొట్టు వెనక రెండు గదులు. అమ్మ పోయాక వాటిలో నేనొక్కణ్ణే. దెబ్బ తగిలాక నా పెళ్ళి మాట ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిది కాదు, ఆ సంగతి నాకూ తెలుసు.

పెళ్ళిళ్ళకి పోవడం ఎప్పుడో మానేశాను. మా అన్న కూతురిది తప్పించుకోలేక పోయాను. ఇప్పటి పెళ్ళంటే అన్నం కాదు, కెమెరా. స్టేజీ ఎక్కాలి, వరసలో నిలబడాలి, లైటు ముఖాన కొట్టించుకోవాలి, "సార్, కొంచెం అటు తిరగండి" అనిపించుకోవాలి. తింటుంటే కూడా వీడియో తీసేవాడు విస్తరి మీదికి వంగుతాడు. అందుకని పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, పుట్టినరోజులు అన్నీ వదిలేసి దినాలు పట్టుకున్నాను. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. దినమంటే మా వైపు ఎవరైనా పోయాక పెద్దకర్మ రోజున పెట్టే భోజనం. ఊరందరికీ పిలుపు ఉంటుంది. రాలేదేమని ఎవరూ అడగరు, ఎందుకొచ్చావనీ అడగరు. నవ్వాల్సిన పని లేదు. ముఖం ఎంత వేలాడేసుకుంటే అంత మర్యాద. పైగా అక్కడ కెమెరా ఉండదు. షామియానా కింద ఒకే ఒక్క ఫోటో ఉంటుంది, దండ వేసి. అది నాది కాదు.

చుట్టుపక్కల పదూళ్ళలో మోటారున్న ప్రతి ఇల్లూ నాకు తెలుసు గనక, ఏ ఊళ్ళో దినమైనా నాకొక విస్తరి ఉండేది. నెలకి రెండో మూడో తప్పేవి కావు. తలస్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని, బంతి చివర చోటు చూసుకునేవాణ్ణి. నా ఎడమ పక్క మనిషి ఉండకూడదు, షామియానా గుంజ ఉండాలి. గుంట కొంతైనా మరుగుపడుతుందని పెంచిన గడ్డం ఒకటి. ఆ వేషంతో తలొంచుకుని తినేసి, లేచి వచ్చేవాణ్ణి.

ఒకామె నాకు అక్కడే పరిచయమైంది. కోవూరు నుంచి ఆటోలో గిన్నెలేసుకుని వచ్చే వంటవాళ్ళ జట్టులో వడ్డన ఆమె చేతి మీద నడుస్తుంది. నలభై అయిదేళ్ళుంటాయి. బక్కపలచటి మనిషి, గొంతుకి మాత్రం మైకు అక్కర్లేదు. మొదటిసారి నా విస్తరి ముందుకొచ్చి ఆగింది. అందరిలాగే గతుక్కుమంటుందని తలొంచుకున్నాను.

"ఏ పక్క నముల్తావునా?" అని అడిగింది.

నాకర్థం కాలేదు.

"గారె గట్టిగా ఉండాది. ఏ పక్కతో నముల్తావు అని."

"కుడి పక్క" అన్నాను.

"అట్టయితే మెత్తంది ఏరకొస్తా, ఉండు."

ఏరుకొచ్చింది కూడా. దెబ్బ తగిలిన ఇన్నేళ్ళలో ఎట్లా జరిగింది, ఎప్పుడు జరిగింది, నొప్పుందా, ఆపరేషన్ లేదా, ఏ జన్మలో పాపమో అని అడిగినవాళ్ళున్నారు గానీ, ఏ పక్క నముల్తావని అడిగిన మనిషి లేదు. ఆ గారె చివరి ముక్కదాకా మెల్లగా తిన్నాను.

ఆ మైకంలోనే కాబోలు, చెయ్యి కడుక్కుని పోతూ ఆమె దగ్గర ఆగి, "పోయొస్తానమ్మా" అన్నాను. ఆమె చేతిలో గరిటె అట్లాగే నిలిచిపోయింది.

"ఊరుకోన్నా! దినం ఇంట్లో ఆ మాట అంటారా ఎవురైనా? మళ్ళా రావాలంటే ఈ ఇంట్లో ఇంకోరు పోవాల గదా! ఊరికే పో."

ఆ మాత్రం నాకు తెలియక కాదు. దినం ఇంట్లో వెళ్ళొస్తానని చెప్పరు. ఎవరికీ చెప్పకుండా, వెనక్కి తిరక్కుండా పోవాలి. అది పిల్లలకి కూడా తెలుసు. నా జన్మలో ఎప్పుడూ చెయ్యని తప్పు ఆ రోజు చేశాను. నాకు కోపమొచ్చి, అంతలోనే నవ్వొచ్చింది. అప్పట్నుంచి అది మా ఇద్దరి మధ్య పరాచికమైంది. పోతూ పోతూ నేను కావాలనే "పోయి..." అని మొదలుపెట్టేవాణ్ణి. ఆమె తలెత్తకుండా "ఊరికే పోన్నా" అని తుంచేసేది.

ఇంకో సంగతి. నా ఎడమ పక్క స్పర్శ లేదు గదా, మెతుకు అంటుకున్నా నాకు తెలియదు. ఆమె బంతికి ఆ చివరనున్నా చూసేది. చేతిలో సాంబారు బకెట్ ఉన్నా సరే, మణికట్టుతో తన ఎడమ బుగ్గ ఒకసారి తాకేది. నేను తుడుచుకునేవాణ్ణి. నలుగురిలో నోరు తెరిచి చెప్పి ఎప్పుడూ నా పరువు తీయలేదు. ఆమె పేరు నేనడగలేదు, నా పేరు ఆమె అడగలేదు. ఆమె వంటవాళ్ళతో నన్ను "లొత్త బుగ్గన్న" అనడం ఒకసారి విన్నాను. ఇంకెవరైనా అయితే సాంబారు బకెట్ నెత్తిన బోర్లించేవాణ్ణి. అన్నది ఆమె గనక ఊరుకున్నాను.

ఆల్బమ్ ఫోటో చూసి చూసి, ఒక రోజు కొట్టు మూసేసి నెల్లూరు పెద్దాసుపత్రికి పోయాను. డాక్టరమ్మకి మా అన్న కూతురి వయసుంటుంది. ఫోన్‌లో ఫోటో చూపించి, "ఇట్లా చేయగలరా?" అన్నాను. ఆమె ఫోటో పెద్దది చేసి చూసి, "ఈ రెండో మచ్చ కూడా కావాలాండీ?" అంది. కోపం రావాల్సింది, రాలేదు. చాలా రోజుల తర్వాత ఒక మనిషి నాతో వేళాకోళమాడింది.

చేయొచ్చంది. కడుపు దగ్గర చిన్న కంత పెట్టి, సన్న గొట్టంతో కొవ్వు తీస్తారట. దాన్ని శుభ్రం చేసి, సిరంజిలో ఎక్కించి, గుంటలోకి చుక్క చుక్కగా, పొరలు పొరలుగా పెడతారట. చుట్టూ ఉన్న రక్తం అందుకున్నంత మేరకు బతుకుతుంది, అందనిది కరిగిపోతుంది. అందుకని రెండుసార్లు చేయాల్సి రావచ్చు. నాకు వెంటనే అర్థమైంది. నాటిన నారంతా పచ్చబడుతుందా ఏమిటి?

తర్వాత నన్ను పడుకోబెట్టి కడుపు మీద చర్మం పట్టి లాగింది. తొడ దగ్గర లాగింది. నడుము దగ్గర లాగింది. ఎక్కడ లాగినా చర్మమే వచ్చింది.

"తీయడానికేమీ లేదండీ మీ ఒంట్లో. కొవ్వనేదే లేదు."

చిన్నప్పట్నుంచి "వీడికి ఒళ్ళంతా కొవ్వే" అనిపించుకున్నవాణ్ణి. మా నాన్న అనేవాడు, అయ్యవార్లు అనేవారు, మొన్నటికి మొన్న మా అన్న కూడా అన్నాడు. తీరా అవసరానికి పిడికెడు లేదంట!

"మా అన్నకి ఇంత బొజ్జ ఉండాదమ్మా. ఆయనది కొంచెం తీసి పెట్టండి" అన్నాను. నిజంగానే అడిగాను, వేళాకోళానికి కాదు.

"కుదరదండీ. మీ ఒంటిది మీకే నిలుస్తుంది. ఇంకొకళ్ళది మీ ఒళ్ళు ఒప్పుకోదు. ఒక ఏడెనిమిది కేజీలు పెరిగి రండి, చూద్దాం" అని చీటీ రాసిచ్చింది.

ఏడెనిమిది కేజీలు! అదొక లెక్కా అనుకున్నాను. గుడ్లు తెచ్చాను, వేరుశనగలు తెచ్చాను, నెయ్యి తెచ్చాను. పొద్దున పప్పులో పోసుకున్నాను, రాత్రి అన్నంలో కలుపుకున్నాను. రెండో ముద్దకే చెయ్యి ఆగిపోయేది. ఎదురుగా గోడ. గోడ మీద అమ్మ ఫోటో. ఒక్కడికోసం వండింది ఎప్పుడూ ఒక పూటకి ఎక్కువ, రెండు పూటలకి తక్కువ. మిగిలింది కుక్కకి వేస్తే అది నున్నగా తయారైంది. నేను మాత్రం నెల తిరిగేసరికి బియ్యం కొట్టు కాటా మీద అరకేజీ తగ్గాను. ఒంటరివాడి తిండి ఒంటికి పట్టదని ఆ కాటా దగ్గర తెలిసింది నాకు. అంతవరకూ ఒంటరిగా ఉండటం నా గొప్పతనమనే అనుకునేవాణ్ణి.

అయితే దినాల దగ్గర నేను రెండింతలు తినేవాణ్ణి. అది గుర్తొచ్చింది. ఆ మెత్తని గారెలు, ఆ "తినన్నా" అన్న కేక, ఆ మణికట్టు సైగ. అంతే, ఏ దినమూ వదల్లేదు. ఇంతకు ముందు నెలకి రెండు మూడైతే ఇప్పుడు వారానికి రెండు. సైకిల్ మీద పోయే దూరాలు దాటి బస్సెక్కి పోయాను. చేపలు పట్టే పల్లెల్లో దినాలకి పోయాను, పేటలో పెద్ద వ్యాపారి దినానికి పోయాను. మోటారు బాగుచేసిన పరిచయం ఏ పాటిదైనా సరే. ఆ జట్టే వండుతుందని తెలిస్తే చాలు. ఎక్కడైనా ఎవరైనా మంచాన పడ్డారంటే నా చెవులు నిక్కబొడుచుకునేవి. ఛీ, ఎంత నీచుణ్ణయ్యానా అని నన్ను నేనే తిట్టుకునేవాణ్ణి. తిట్టుకుంటూనే తెల్లచొక్కా ఉతుక్కునేవాణ్ణి.

ఆమె కనిపెట్టింది. "ఏందినా, ఈ మధ్య మూడోసారి కూడా అన్నం అడుగుతుండావు? ఎప్పుడూ చూళ్ళా ఇట్టా" అంది.

అప్పుడు నిజం చెప్పాల్సింది. బుగ్గ పూడ్పించుకుంటున్నా, అందుకు కొవ్వు కావాలి అని ఒక్క ముక్క. నోరు రాలేదు. ముసలితనం ముంచుకొస్తున్నవాడికి ముఖం బాగుచేయించుకోవాలన్న కోరికా అని నవ్వుతుందేమో. ఆమె నవ్వకపోయినా పక్కనున్న వంటవాళ్ళు నవ్వుతారు. తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడ గడ్డికన్నట్టు, "ఒంట్లో రక్తం లేదంట. కండ పట్టకపోతే కష్టమన్నారు డాక్టర్లు" అన్నాను.

ఆమె ముఖంలో నవ్వు పోయింది. "ఒక్కడివే ఉండావంట గదా నువ్వు" అంది. నేను తలూపాను. ఆమె వెళ్ళి నెయ్యి గిన్నె తెచ్చి, గరిటెతో కాదు, గిన్నెతోనే వంచింది. ఆ రోజు నుంచి నా విస్తరిలో పప్పు కనపడకుండా నెయ్యి ఉండేది. పోయేటప్పుడు గారెలు ఆకులో చుట్టి, ఎవరూ చూడకుండా నా చేతిలో పెట్టేది. "సాయంత్రం తిను. పారేశావంటే ఊరుకోను" అనేది. అబద్ధం చెప్పి తిన్న నెయ్యి ఒంటికి పట్టదనుకున్నాను. పట్టింది. అయిదు నెలల్లో ఎనిమిది కేజీలు.

ఆపరేషన్‌కి ముందు చివరిసారి కనపడ్డప్పుడు, "కొన్నాళ్ళు రానమ్మా. నెల్లూరు ఆసుపత్రిలో చేరుతుండా" అన్నాను. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. ఆమె చేతిలో ఎంగిలాకులు పట్టుకుని నిలబడిపోయింది. నేను ఎప్పటిలాగే వెనక్కి తిరక్కుండా నడుస్తున్నాను. "ఊరికే పోన్నా" అంటుందని చూస్తున్నాను. అనలేదు. గేటు దాకా పోయాక వెనకనుంచి సన్నగా వినిపించింది.

"పోయిరా అన్నా."

దినం ఇంట్లో. ఆమె నోట. వెనక్కి తిరగకూడదు గనక తిరగలేదు.

ఆసుపత్రిలో కాగితాలు రాసుకునే నర్సమ్మ, "మీ తాలూకు ఎవరండీ?" అంది. ఎవరో ఒకరు సంతకం పెట్టాలట, ఆపరేషన్ అయ్యేదాకా బయట కూర్చోవాలట. అన్నని పిలవొచ్చు. ఆల్బమ్ చూసి అంత రంకెలేసినవాణ్ణి, ఇప్పుడు ఏ మొహంతో పిలుస్తాను? బయటికొచ్చి, నన్ను దించి టీ తాగుతున్న ఆటో ఆయన్ని బతిమాలుకున్నాను. ఆయన నా వంక చూసి, "సరే, ఏమని రాయాల?" అన్నాడు. "తమ్ముడు" అన్నాను. తమ్ముడు అని రాసి సంతకం పెట్టాడు. సాయంత్రం దాకా కిరాయిలు మానుకుని వరండాలో కూర్చున్నాడు. మత్తు దిగి కళ్ళు తెరిస్తే ఆయన ముఖమే కనపడింది. "బాగా జరిగిందంట సార్" అని చెప్పి, ఇంటి దగ్గర దించిపోయాడు. మళ్ళీ ఆయన్ని నేను చూడలేదు.

ఎడమ పక్క పడుకోకూడదు, బుగ్గ నొక్కకూడదు, ఎండలోకి పోకూడదు. ముఖమంతా వాచింది. కడుపు మీద ఎవరో తన్నినట్టు కమిలి, నీలంగా తిరిగింది. రెండు వారాలు కొట్టు తెరవలేదు. ఆకులో చుట్టిన గారెలుంటే బాగుండుననిపించేది. ఎవరూ తలుపు తట్టలేదు. మోటారు తెచ్చినవాళ్ళు మూసిన తలుపు చూసి వెనక్కి పోయి ఉంటారు. ఒక రోజు నాకు నా గొంతు వినాలనిపించి, అమ్మ ఫోటోతో "అన్నం తిన్నావా?" అన్నాను. ఆ మాట ఆ గదిలో ఎంత వింతగా వినపడిందో చెప్పలేను.

వాపు దిగాక చూస్తే గుంట సగం పూడింది. మూడు నెలలకి అందులో కొంత కరిగింది. డాక్టరమ్మ ముందే చెప్పింది గనక కంగారుపడలేదు. ఇంకో మూడు నెలలాగి రెండోసారి చేసింది. "బరువు తగ్గొద్దండీ. మీరు చిక్కితే బుగ్గ కూడా చిక్కుతుంది" అంది. అందుకని తినేవాణ్ణి. నాకోసం కాదు, బుగ్గకోసం, గొడ్డుకి మేత వేసినట్టు. ఆ ఏడాదంతా దినాలకి పోలేదు. సగం బుగ్గతో పోనని పంతం పట్టాను. పోతే నిండు ముఖంతో పోవాలి, బంతి మధ్యలో కూర్చోవాలి, ఒక్కడు కూడా తలతిప్పి చూడకూడదు.

ఏడాది తిరిగేసరికి బుగ్గ నిలిచింది. పక్కన సన్నటి గీత ఉంది గానీ, వెతికితేనే కనపడుతుంది. గడ్డం తీసేశాను, జుట్టుకి రంగేశాను. నెల్లూరు బస్సులో నా ఎడమ పక్కన ఒకాయన కూర్చుని, నా భుజం మీద తల వాల్చి కోవూరు దాకా నిద్రపోయాడు. అబ్బ, ఆ రోజు ఎంత సంతోషమో! బజారంతా తిరిగాను. ఎవరూ రెండోసారి చూడలేదు. ఒక్క పురుగు కూడా. విడవలూరులో అయితే "ఒళ్ళు చేసినావేనా" అన్నారు, అంతే. వీపునే చూసేవాళ్ళకి ముఖం సంగతేం తెలుస్తుంది? ఆ సంతోషం ఒక వారం ఉంది. తర్వాత కొట్లో కూర్చుని రాగి తీగ చుడుతుంటే తట్టింది. ఇదివరకు రెండోసారి చూసేవాళ్ళు. ఇప్పుడు మొదటిసారి కూడా చూడటం లేదు.

అద్దంలో ఆ బుగ్గ చూసుకుంటే నాకు నా కండలా ఉండేది కాదు. రొయ్యల రైతు దినం పప్పు అందులో ఉంది, చేపల పల్లెలో ముసలమ్మ దినం పాయసం ఉంది. అన్నిటి మీదా ఆమె గిన్నెతో వంచిన నెయ్యి ఉంది. వేలితో తాకితే వేలికి తెలిసేది, బుగ్గకి తెలిసేది కాదు. ఆమెకి చూపించాలి. ఆమె ఒక్కతే చూడాల్సిన మనిషి. చూసి "బాగుండావునా" అంటే చాలు. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

మొన్న చవిటి పొలాల వైపు ఒక రైతు దినం పెట్టారు. వంట కోవూరు జట్టుదేనని కనుక్కుని పోయాను. బంతి నట్టనడుమ కూర్చున్నాను. కుడి పక్క ఒకరు, ఎడమ పక్క ఒకరు. గుంజలు లేవు. ఆమె ఆ చివరనుంచి పప్పు వడ్డిస్తూ వస్తోంది. నా గుండె పెళ్ళికొడుకు గుండెలా కొట్టుకుంది. వచ్చింది. విస్తరిలో ఒక గరిటె పప్పు, ఒక చెంచా నెయ్యి. పక్క విస్తరికి పోయింది.

నేను తలెత్తి చూస్తూనే ఉన్నాను. ఆమె చూసింది కూడా. అందరినీ చూసినట్టే చూసింది. ఏ చూపుకోసం ఏడాదిపాటు కోయించుకున్నానో, అదే చూపు.

గారె వచ్చింది, గట్టిది. కుడి పక్కతో నమిలాను. మెతుకు అంటుకుంటే చెప్పేవాళ్ళు లేరని ముద్దముద్దకీ ఎడమ చేత్తో రుమాలు తీసి తుడుచుకుంటున్నాను. పక్కాయన వింతగా చూశాడు. రెండోసారి వచ్చినప్పుడు ఆమె, "సాంబారా సార్?" అంది. సార్! ఆ మాట చెంపదెబ్బలా తగిలింది, అది కూడా కుడి పక్కనే.

"అమ్మా, ఇదివరకు మీ వడ్డనకి ఒకాయన వచ్చేవాడు. బుగ్గ లొత్త ఉంటుంది. ఈ మధ్య రావడం లేదా?" అన్నాను. నా గొంతు నాకే పరాయిగా ఉంది.

ఆమె సాంబారు బకెట్ కింద పెట్టింది. చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"మీకు తెలుసా సార్ ఆయన? పోయినాడనుకుంటా. రక్తం లేదని డాక్టర్లు చెప్పినారంట. ఆసుపత్రిలో చేరతాండానని చెప్పి పోయినాడు, మళ్ళా రాలా. ఏడాది దాటిపోయె." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "తప్పు నాదే సార్. ఆయన పోతా ఉంటే దినం ఇంట్లో నిలబడి పోయిరా అన్నా. ఎన్నడూ అనని మాట. ఒంటిగాడు గదా, ఆసుపత్రికి పోతుంటే రమ్మనేవాళ్ళన్నా ఉండొద్దా అని నోరు జారింది. నా నోటి వల్లే పోయినాడు. ఎవురున్నారో లేదో, దినమన్నా పెట్టినారో లేదో. మా ఇంటి కాడ ఒక రోజు ఆయన పేరు మీద గారెలు చేసి కాకులకి పెట్టినా. పేరు కూడా తెలియదు నాకు."

చేతిలో ముద్ద విస్తరిలో పెట్టేశాను. ఏడాదిపాటు నేను అద్దం ముందు బుగ్గ తడుముకుంటూ కూర్చున్నాను. ఏడాదిపాటు ఈమె నన్ను చంపిన పాపం మోసుకుంటూ తిరిగింది. నా ఒక్క అబద్ధం ఇంత పని చేసింది. ఛీ, నా బతుకు! ఇప్పుడు ఊరికే లేచి చెయ్యి కడుక్కుని పోవచ్చు. పోతే నేను అనుకున్నట్టే ఉంటుంది, ఎవరికీ తెలియదు, ఎవరూ చూడరు. చెప్పానంటే బంతిలో ఉన్న పదిమందీ తలలు తిప్పి నా ఎడమ బుగ్గనే చూస్తారు.

ఆమె బకెట్ అందుకుని పక్క విస్తరి వైపు కదిలింది.

"అమ్మా" అన్నాను. గట్టిగానే అన్నాను. "పోయిరమ్మంటివి గదా. పోయొచ్చినాను."

దినం ఇంట్లో ఎవరూ అనకూడని మాట. పక్కాయన తినడం ఆపేశాడు. అవతలి వరసలో ముసలాయన నా వైపు ఉరిమి చూశాడు. అందరూ చూస్తున్నారు. చూసుకోనీ.

ఆమె వెనక్కి తిరిగింది. నా కుడి పక్క మచ్చ చూసింది. ఎడమ పక్క చూసింది. మళ్ళీ చూసింది. చేతిలో బకెట్ ఉంది. మణికట్టు ఎత్తి, తన ఎడమ బుగ్గ ఒకసారి తాకింది.

మెతుకనుకుని తుడుచుకున్నాను. చేతికి తడి తగిలింది.